వెనకాల వేసే రంగు

మా వాళ్ళలో బతికున్న మనిషి ఫోటో వెనకాల మబ్బులు వెయ్యరు. కలకత్తాలో ఖిదిర్‌పూర్ డాక్ చుట్టుపక్కల ఉండే శ్రీకాకుళం వాళ్ళలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. పోయినవాళ్ళకు నీలం ఆకాశం, తెల్ల మబ్బులు. ఉన్నవాళ్ళకు పసుపు. ఈ ఆచారం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నన్నడక్కండి. బోర్డులు చేత్తో రాసే రోజుల నుంచీ ఉందట. నేను ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని స్టూడియో తెరిచిన రోజున మా అత్త తవిటమ్మ కొబ్బరికాయ కొట్టి, నా నెత్తిన అక్షింతలు వేసి చెప్పిన మొదటి మాట కూడా అదే. ఆ డబ్బాలో నువ్వేటి సేసుకున్నా నాకు తెల్దు గానీ బతికున్నోడి ఎనకాల మబ్బులు మాత్రం ఎయ్యకు, అంది.

బెంగాలీలకు ఈ పట్టింపు లేదు. దీఘా సముద్రం చూసొచ్చిన కొత్త జంటలు ఏరికోరి మబ్బులే అడిగేవారు. పెళ్ళికూతురి వెనకాల మబ్బులేమిటి తల్లీ అని లోపల అనుకుంటూనే వేసిచ్చి, వాళ్ళు గుమ్మం దిగాక ఓ దణ్ణం పెట్టుకునేదాన్ని. ఇక్కడి చాందినీ చౌక్‌లో కొన్న కోలాజ్ సాఫ్ట్‌వేర్ సీడీలో లేని రంగు లేదు. ఫోటోలన్నీ గడుల్లో పేర్చుకుని ఒక్కో గడికి ఒక్కో రంగు వెయ్యొచ్చు, రంగు మీద చెక్కో, పాలరాయో, గోనెగుడ్డో పరిచినట్టు చెయ్యొచ్చు. అవి నచ్చకపోతే చేతికందిన వస్తువేదైనా స్కాన్ చేసి దాన్నే వెనకాల పరుచుకోవచ్చు. మా అత్త పాత చీర చెంగు అలా ఎన్ని అన్నప్రాశన ఫోటోల వెనకాలకు చేరిందో ఆవిడకే తెలియదు.

నేను చెప్పేది రెండువేల ఏడు వానాకాలం సంగతి. ఆ ఏడు ఆషాఢంలో పోలిరాజు పోయాడు. మా ఆయన బైరాగి, అతను ఒకే గ్యాంగులో కూలీలు. ఓడలోంచి బస్తాలు దించుతుంటే మోకు తెగి, బస్తాలన్నీ అతని మీద పడ్డాయి. కాంట్రాక్టరు మాత్రం మోకు కొత్తదేనన్నాడు. పోలిరాజే తాగి వచ్చి హుక్కు కింద తూలి పడ్డాడని, కంగారులో క్రేను అదుపు తప్పిందని చెప్పాడు. చూడ్డానికి వచ్చిన ఆఫీసర్లకు కొత్త మోకే కనిపించింది. అప్పుడు పోలిరాజు పక్కన ఉన్నది మా ఆయన ఒక్కడే. మిగతావాళ్ళంతా ఓడ లోపల ఉన్నారు.

పోలిరాజు చుక్క ముట్టేవాడు కాదు. వాళ్ళావిడ జగ్గమ్మ, చీకటి పడకముందే వచ్చి మా గుమ్మంలో కూర్చుని ఎప్పుడూ ఒకటే మాట అడిగేది. ఆడు తాగనేదని బైరాగి చేత ఒక్క మాట చెప్పించమనేది. సందులో పిల్లలు తన పిల్లల్ని తాగుబోతోడి పిల్లలంటున్నారని, తనకు ఇంకేమీ అక్కర్లేదని అనేది. విచారణ పెడతారు, పిలుస్తారు, అప్పుడు చూసింది చూసినట్టు చెప్తానని మా ఆయన మాటిచ్చాడు. ఇచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మా ఆయనను చూసి కాస్త గర్వపడ్డాను కూడా.

శ్రావణంలో, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, నరసింహం మావ ఫోటోలు పట్టుకుని వచ్చాడు. గ్యాంగుకు ఆయన సర్దారు. ఎవరిని పనికి పిలవాలన్నా, ఎవరిని ఇంట్లో కూర్చోబెట్టాలన్నా కాంట్రాక్టరు ఆయన నోటినుంచే చెప్పిస్తాడు. మా పెళ్ళికి పెద్దమనిషి ఆయనే. డాక్‌లో పెద్ద పండగంటే విశ్వకర్మ పూజ. ఆ రోజు షెడ్డులో విగ్రహం పక్కన గ్యాంగు బోర్డు కడతారు. అందులో గ్యాంగు మనుషులందరి మొహాలూ ఉంటాయి, ఉన్నవాళ్ళవి పసుపులో, ఆ ఏడు పోయినవాళ్ళవి నీలంలో. రెండేళ్ళుగా ఆ బోర్డు నేనే చేస్తున్నాను.

మావ గొడుగు గుమ్మానికి ఆనించి, పాలిథిన్ సంచిలోంచి ఫోటోలు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. అన్నీ గేటు పాసు కోసం తీయించుకున్నవే, అందరూ పోలీసును చూసినట్టు బిగుసుకుపోయి ఉన్నారు. పోలిరాజుది తీసి ఎడంగా పెట్టి, "ఇది నీలం" అన్నాడు. తల ఊపాను. తర్వాత ఇంకో ఫోటో తీసి పోలిరాజు పక్కన పెట్టాడు. రెండూ ఒక వరసలో ఉండేలా వేలితో సర్దాడు. అది మా ఆయన ఫోటో.

పొరపాటున పెట్టాడనుకున్నాను. అలా అనుకోవాలనే ఉంది నాకు. "మావా, ఈయనిది ఇటొచ్చీసింది" అంటూ పక్కకు జరపబోయాను.

"తెలుసమ్మీ. అక్కడే ఉండనీ."

"ఇది నీలం వరస మావా."

"ఇప్పటికి ఉండనీ. ఎనకటి రోజుల్లో లాగ రంగు డబ్బాలెట్టి రాసీది కాదు గదా. కంప్యూటరు. పూజ ముందు దినం వరకూ ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్సుకోవొచ్చు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. మా అత్త టీ ఇస్తే తాగి, అల్లం బాగా పడిందని మెచ్చుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. బెదిరించడానికి వచ్చాడో, ముందుగా చెప్పి కాపాడడానికి వచ్చాడో నాకు ఈనాటికీ తేలలేదు. బయటివాడైతే కత్తి చూపించాల్సి వచ్చేది. మావాడు గనుక ఫోటో జరిపితే సరిపోయింది. గ్లాసు తీయడానికి వచ్చిన మా అత్త బల్ల మీది వరస చూసి, కొడుకు ఫోటో తీసి కళ్ళకద్దుకుంది.

ఆ రోజే బోర్డు మొదలుపెట్టాను. గడులు గీసుకుని ఒక్కొక్కరినీ గేటు పాసు తెల్ల గోడలోంచి కత్తిరించి కూర్చోబెట్టాను. అందరికీ పసుపు వేశాను. పోలిరాజుకు మబ్బులు వేశాను. మా ఆయన గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఏ రంగూ వెయ్యకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో వెనకాల బూడిద, తెలుపు చదరాలు కనిపిస్తాయి. ఇక్కడ ఇంకా ఏమీ లేదని దానర్థం. ఆ చదరాల మీద మా ఆయన మొహాన్ని అలాగే వదిలేశాను.

పని నుంచి వచ్చాక పిలిచి చూపించాను. తడి చొక్కాతో నిలబడి చూశాడు.

"నరసింగం ఇలాగ పెట్టమన్నాడా?"

"నీలం పెట్టమన్నాడు. నేను పెట్టనేదు."

కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. మావాడే కదా, అతనికి ఆ రంగు విప్పి చెప్పనక్కర్లేదు. మర్నాటి నుంచీ అతన్ని హుక్కు కింద నిలబెట్టారు. ఆ చోట మామూలుగా మనుషుల్ని మారుస్తూ ఉంటారు, అతన్ని మార్చలేదు. పోలిరాజు నిలబడిన చోటు అదే. ఒకరోజు అన్నం తింటూ మామూలు కబురులా చెప్పాడు. బస్తాల మోపు తన నెత్తి మీదికొచ్చి ఆగిపోయిందట. తాపీగా టీ తాగినంత సేపు అక్కడే వేలాడుతూ ఉందట. తల ఎత్తి చూస్తే క్రేను నడిపేవాడు కిందికి చూసి నవ్వాడట. మా అత్త చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత నుంచి సైరన్ కూసే వేళకు ఆవిడ సందు మొగలో నిలబడేది, కొడుకు కనిపించాక ముందే ఇంటికి వచ్చేసి, ఎక్కడికీ వెళ్ళనట్టు కూర్చునేది.

నరసింహం మావ మధ్యమధ్య వచ్చేవాడు. ఫోటో తీయించుకోవడానికి వచ్చినవాళ్ళుంటే బెంచీ మీద కూర్చుని వాళ్ళు వెళ్ళేదాకా ఓపిగ్గా ఆగేవాడు. వాళ్ళు వెళ్ళాక కుర్చీ వెనక్కి వచ్చి బోర్డు చూపించమనేవాడు. ఖాళీ గడి చూసి, ఇంకా ఏటీ ఎయ్యనేదేటి, అనేవాడు. ఆలోచిస్తున్నాను మావా అంటే, ఆలోసించు, టైముంది, అనేవాడు.

నాకు మా ఆయన కావాలి. అప్పుడు నాకు తెలిసిన న్యాయమంతా అదే. పోలిరాజు మంచివాడే, కానీ పోయాడు. ఏ మాట చెప్పినా తిరిగి రాడు. జగ్గమ్మ గుమ్మంలోకి వస్తే నేను వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. చెప్పమని మా ఆయనతో అనలేదు, చెప్పొద్దని కూడా అనలేదు. అనలేదు గానీ పక్కన పడుకున్నప్పుడు అతని చొక్కా గుప్పెట్లో పట్టుకుని పడుకునేదాన్ని. దాన్ని మించి చెప్పడానికేముంది.

భాద్రపదంలో విచారణకు పిలిచారు. మా ఆయన తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. ఆఫీసు బయట జగ్గమ్మ పిల్లలతో నిలబడి ఉందని తర్వాత తెలిసింది. నేను ఎవరివో అన్నప్రాశన ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళకు ఏం చెప్పి పంపానో నాకే తెలియదు. మధ్యాహ్నం అతను వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడ్డాడు. వానకు తడిసిన వాసన వచ్చింది. నేను వెనక్కి తిరగలేదు.

"పసుపెయ్" అన్నాడు.

బోర్డు తెరిచాను. ఖాళీ గడి మీద నొక్కి, రంగుల పెట్టె తెరిచి, మిగతావాళ్ళకు వేసిన పసుపే వేశాను. చదరాలు పోయాయి. ఊపిరి తిరిగింది నాకు. మా అత్త లోపల దేవుడి దగ్గర కర్పూరం వెలిగించింది. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేపితే, ఆకలి లేదన్నాడు.

విశ్వకర్మ పూజ ఘనంగా జరిగింది. ఆకాశం నిండా గాలిపటాలు, షెడ్డులో మైకు, ఇనప సామానుకంతా బొట్లు. బోర్డు విగ్రహం పక్కన కట్టారు. నీలంలో ఒక్కడే, పోలిరాజు. నరసింహం మావ అందరూ చూస్తుండగా మా ఆయనను దగ్గరికి పిలిచి, నుదుట బొట్టు పెట్టి, మిఠాయి పొట్లం చేతిలో పెట్టాడు. ఆ పొట్లం ఇంటికి రాలేదు. దారిలో ఎవరికి ఇచ్చాడో నేను అడగలేదు. అతన్ని హుక్కు కింది నుంచి తీసి ఓడ లోపలి పనికి వేశారు. జగ్గమ్మ మా గుమ్మానికి రావడం మానేసింది. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు, అయినా ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగేవాళ్ళం.

దుర్గా పూజ దగ్గర పడి, పని ఒత్తిడిగా ఉన్న రోజుల్లో జగ్గమ్మ వచ్చింది. మా ఆయన ముందుగదిలోనే బల్ల ఫ్యాను విప్పి నూనె వేస్తున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. చెంగులోంచి పోలిరాజు ఫోటో తీసి నా ముందు పెట్టి, ఇంట్లో పెట్టుకోవడానికి పెద్దది కావాలంది. నేను బోర్డులోని పోలిరాజును తీసుకుని, పెద్దది చేసి, మబ్బులు వెయ్యబోయాను.

"మబ్బులొద్దు" అంది.

పసుపు వెయ్యకూడదు కదా అక్కా అని నసిగాను. పసుపు నాకెందుకమ్మా, అది మీకు పెట్టినారు గదా, అంది. గొంతు పెంచలేదు.

"తాడెయ్యి. ఆడి మీద పడిందే, ఆ తాడు. ఏ వస్తువైనా ఎనకాల ఎయ్యొచ్చంటావు గదా. నాకు సదువు రాదు, ఎక్కడా రాసి పెట్టలేను. ఆడి ఎనకాల తాడుంటే సూసినోళ్ళకి తెలుస్తాది."

సీడీలో తాళ్ళున్నాయి గానీ అన్నీ కొత్తవే, మెరుస్తూ ఉంటాయి, అయినా చూస్తానని చెప్పాను. ఆమె ఫోటో నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది. మా ఆయన నూనె డబ్బా కింద పెట్టి లోపలికి వెళ్ళాడు. పైకప్పు రేకు కదిలిన చప్పుడు, ఏటిరా అది అని మా అత్త గొంతు వినిపించాయి. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో మసిబట్టిన తువ్వాలు మూట ఉంది. విప్పి బల్ల మీద పెట్టాడు.

మోకు ముక్క. చేతి పొడవుంటుంది. నానీ ఎండీ నల్లబడిపోయి ఉంది, ఒక చివర పీచులు పీచులుగా తెగిపోయి ఉంది. తెగడానికి ముందే ఒకచోట పురి విడిపోతే, బట్టలారేసుకునే ఆకుపచ్చ నైలాను తాడుతో చుట్టి ముడేశారు. మార్చమని గ్యాంగంతా మొత్తుకున్న మోకు అదే, ఆ పచ్చ ముడి చూస్తే వాళ్ళలో ఎవడైనా గుర్తుపడతాడు. కాంట్రాక్టరు మనుషులు మిగతాది మాయం చేసేలోపు మా ఆయన ఈ ముక్క కోసి లుంగీలో దోపుకున్నాడట. వానాకాలమంతా దాని కిందే వండుకుని, దాని కిందే పడుకున్నాం. "సూపించాలనే తెచ్చినాను" అన్నాడు. అని, కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక అతను ఏడవగా చూడడం అదే మొదలు.

దాన్ని స్కానరు అద్దం మీద పెడితే మూత పడలేదు. నల్లగుడ్డ కప్పి నొక్కాను. తెర మీదికి ప్రతి పీచూ విడివిడిగా వచ్చింది, ఇరుక్కున్న ధూళి వచ్చింది, పచ్చ ముడి ముడిలాగే వచ్చింది. పోలిరాజు వెనకాల పరిచి, ముడి సరిగ్గా అతని భుజం పక్కకు వచ్చేలా జరిపాను. వెనకాల వేసింది మరీ కొట్టొచ్చినట్టుంటే పలచన చెయ్యడానికి ఒక మీట ఉంటుంది. నేను పలచన చెయ్యలేదు. ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, మా ఆయనే పట్టుకెళ్ళి జగ్గమ్మ ఇంట్లో మేకు కొట్టి తగిలించాడు. నేను కూడా వెళ్ళాను. వచ్చేటప్పుడు జగ్గమ్మ మాకు మంచినీళ్ళిచ్చింది.

తర్వాత గ్యాంగులో వాళ్ళు ఒక్కొక్కరే ఆ ఇంటికి వెళ్ళొచ్చారు. చెప్పులు బయట విడిచి, లోపల కాసేపు నిలబడి, వచ్చేసేవారట. తాగుబోతోడి పిల్లలన్న మాట మళ్ళీ సందులో వినపడలేదు. నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే భయం వేసింది. నరసింహం మావ ఎప్పుడొస్తాడా అని రోజూ గుమ్మం వైపే చూసేదాన్ని.

పూజ సెలవులు కాగానే వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, ఆ తాడు ఎక్కడిదని అడిగాడు. సీడీలో దొరుకుతాయి మావా అన్నాను. పచ్చ నైలాను ముడి కూడా సీడీలోనే ఉందేటమ్మీ అన్నాడు. అంతలో మా ఆయన లోపలి నుంచి వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

"సీడీలోది కాదు. నా కాడుంది. ఆ దినం నేను సూసినాను. ఆ తాడే తెగింది. పోలిరాజు తాగనేదు."

"ఈ మాట అక్కడ సెప్పనేదు నువ్వు."

"సెప్పనేదు. ఇప్పుడు సెప్తన్నాను. నీకు సెప్పినాను, రేపు ఎవులడిగినా సెప్తాను."

నరసింహం మావ అతని వైపు చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయేమో అనిపించింది, లేదా నేనే అలా అనుకున్నానో. లేచి, గుమ్మం దగ్గర ఆగి, నాతో అన్నాడు, "గేంగు బోర్డు ఫైలు ఉందా అమ్మీ? ఉంటే తీసెయ్యకు. రంగు మార్సాల్సి రావొచ్చు."

మర్నాటి నుంచీ మా ఆయనను పనికి పిలవలేదు. చలికాలం రాకముందే ఇల్లు ఖాళీ చేసి కలకత్తాలోనే మెటియాబ్రుజ్ వైపు వెళ్ళిపోయాం. అక్కడ దర్జీల కార్ఖానాలో ఇస్త్రీ పనికి కుదిరాడు, ఇప్పటికీ అదే పని. ఇప్పటికీ ఇంటి ముందు మోటార్‌సైకిల్ ఆగితే మా మాటలు ఆగిపోతాయి.

ఆ రోజు నరసింహం మావ వెళ్ళిపోయాక మా ఆయన బెంచీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. బోర్డు తెరవమన్నాడు. తెరిచాను. తన మొహం మీద వేలు పెట్టాడు.

"నాకు మబ్బులెయ్."

"అవేటి మాటలు."

"ఎయ్యే. ఎలాగుంటానో సూస్తాను."

వెయ్యనని ఎంత మొండికేసినా వినలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని నొక్కాను. పసుపు పోయి నీలం వచ్చింది, మా ఆయన చెవుల పక్కన తెల్ల మబ్బులు వచ్చాయి. ముందుకు వంగి, గడ్డం గోక్కుంటూ, అద్దంలో చూసుకున్నట్టు చూసుకున్నాడు. బాగానే ఉన్నాను గదా, దీనికేనేటి అంతలాగ బయపడిపోనాను, అన్నాడు. లేచి లోపలికి వెళ్ళి, వాళ్ళమ్మను అన్నం పెట్టమని అడిగాడు. నేను ఫైలు మూయబోతే, చేసిన మార్పు ఉంచమంటారా అని కంప్యూటరు అడిగింది. వద్దు అని నొక్కి, కరెంటు మీట కట్టేశాను.